మూడుసార్లు మోసిన రాయి

మా విజయనగరం ఆఫీసులో పక్క టేబుల్ ఆయన ఆదివారం పిల్లల్ని తీసుకుని కళింగపట్నం వెళ్దామనుకుంటున్నాడు. "నువ్వక్కడ రెండు విడతలు పనిచేశావు కదా, చూడ్డానికి ఏమున్నాయో వరసగా రాసివ్వు" అని ఓ కాగితం నా ముందు పెట్టాడు. వరసగా రాయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఒకటి, లైట్‌హౌస్. రెండు, వంశధార సముద్రంలో కలిసే చోటు. మూడు, దారిలో శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు. నాలుగు, దర్గా. ఐదు అని అంకె వేశాక కలం ఆగిపోయింది. ఐదో స్థానంలో రాయాల్సింది ఒక మనిషిని. ఆమె పోయిన వానాకాలంలో కాలం చేసింది.

అందరూ ఆమెను అప్ప అనేవారు. మా వైపు అప్ప అంటే అక్క. డెబ్భై దాటిన ఆ మనిషిని పదేళ్ల పిల్లలూ అప్పా అనే పిలిచేవారు, వాళ్ల నాయనమ్మలూ అప్పా అనే పిలిచేవారు. నేనూ అదే అన్నాను.

కళింగపట్నం ఒకప్పుడు ఓడలు ఆగిన పెద్ద రేవు. ఇప్పుడు ఓడలు రావు, ఆదివారాలు కార్లొస్తాయి. కార్లు దిగినవాళ్లు మొదట అడిగే మాట, పాత పోర్టు ఎక్కడని. అప్ప టిఫిన్ పాక లైట్‌హౌస్ దగ్గర తీరానికి దిగే దారిలో ఉండేది కనుక ఆ ప్రశ్న తరచూ ఆమె మీదే పడేది. ఆమె చేతిలో ఉన్న అట్లకాడ ఎత్తి సముద్రం వైపు చూపించేది.

"అల్లదిగో, మూడో కెరటం లేస్తన్నాది సూడు, అదీ కస్టమ్స్ బంగళా. దానికి ఇటుపక్క గిడ్డంగులు. బంగళా ఎనకాల వీధిలో మా అత్తోరిల్లు."

"అక్కడ నీళ్లు తప్ప ఏం లేవు కదండీ?"

"నీకు నేవు. నాకున్నాయి. నువ్వడిగినావు, నాను సెప్పినాను."

వచ్చినవాళ్లు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు. వాళ్లు సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు తీసుకోవడం మొదలుపెడితే మాత్రం, వినపడేలాగే అనేది: "పట్నం సూడ్డానికొచ్చి సెల్లులో సొంత మొఖం సూసుకుంటన్నారు. దానికి ఇంత దూరం రావాలేటి? ఇంటికాడ అద్దం నేదా?"

నేను అక్కడికి వెళ్లింది లెవెలింగ్ సర్వే పనిమీద. సముద్రం తీరాన్ని ఏటేటా కోసుకుంటూ వస్తోంది. ప్రభుత్వం ఒక ఎత్తుని గీతగా నిర్ణయించింది. నేల అంతకన్నా పల్లంగా ఉన్న ఇళ్లను రోడ్డు అవతల కట్టే కాలనీకి తరలిస్తారు, ఎత్తుగా ఉన్నవాటిని ఉండనిస్తారు. ఏ ఇల్లు ఎంత ఎత్తులో ఉందో కొలిచి జాబితా ఇవ్వడం నా పని. నాకు సాయం సూరిబాబు. నలభై అయిదేళ్ల మనిషి, అంకెలు వేసిన పొడవాటి కొలబద్దను నిటారుగా పట్టుకోవడంలో జిల్లాలో అంతటివాడు లేడని తనే చెప్పుకునేవాడు.

మొదటిరోజు పొద్దున్న అప్ప పాకలో ఇడ్లీ తింటూ "మీ ఇల్లు కూడా ఈ వరసలోనేనా అండీ?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "మీరంటే ఎవులు? నా ఎనకాల ఎవులైనా నిలబడ్డారేటి?"

"అలవాటండి."

"ఆ అలవాటు ఆఫీసులో ఎట్టుకో. నువ్వనే అను. ఇడ్లీ ఎన్ని?"

"మూడు."

"నాలుగు తిను. ఎండలో కొలబద్ద కంటే నువ్వే సన్నంగా కనపడతావు."

అప్ప పద్ధతులు కొన్ని అప్పట్లోనే గమనించాను. ఇష్టమైనవాళ్లకి పచ్చడి అడక్కుండానే రెండోసారి వేసేది. ఇష్టం లేనివాళ్లకి అడిగినా వినపడేది కాదు. పదకొండు దాటితే ఇడ్లీ రేకులు కడిగి బోర్లించి చోడి అంబలి, అంటే రాగి అంబలి, కుండ దించేది, ఆ తరవాత కలెక్టరొచ్చినా ఇడ్లీ లేదు. దారి చెప్పాల్సి వస్తే లేని వీధుల పేర్లతోనే చెప్పేది. "బంగళా వీధి మలుపు కాడికెల్లి ఎడమకి తిరుగు" అంటే ఇసకలో సరిగ్గా పడవలు కట్టే చోటికి తీసుకెళ్లేది ఆ దారి. తప్పు ఒప్పుకోవడం మాత్రం ఆమెకు రాదు. ఒకరోజు సాంబారులో ఉప్పు మరిచిపోయి, "వానాకాలం ఉప్పు తగ్గించాలి, ఒంటికి మంచిది" అంది. అది నడి ఎండాకాలం.

ఆమె ఇల్లు పాకకు వెనకే, సముద్రం వైపున్న చివరి వరసలో ఉండేది. ఆ వరసలో మొత్తం పదకొండిళ్లు. ఆమె వాకిట్లో, ఇసకలోంచి పైకి తేలి, పలకగా చెక్కిన ఒక రాయి ఉండేది. దాని మీద బాణం గుర్తు. అది పాతకాలపు బెంచ్ మార్క్. అంటే సముద్ర మట్టానికి అది ఎంత ఎత్తులో ఉందో ఎప్పుడో కొలిచి రికార్డుల్లో రాసిపెట్టిన రాయి. చుట్టుపక్కల ఎత్తులన్నీ దాన్నుంచే లెక్కగట్టుకోవచ్చు. రికార్డులో దాని చిరునామా "కస్టమ్స్ బంగళా ఆవరణ" అని ఉంది. బంగళా ఎలాగూ లేదు కదా, పేరు మిగిలిపోయిందనుకున్నాను. నా మొదటి తప్పు అదే.

రాయి మీద నుంచి మొదలుపెట్టి రెండురోజుల్లో వరస మొత్తం కొలిచాను. పదకొండిళ్లూ గీతకి పైనే వచ్చాయి, చాలా కొద్దిలో. లెవెలింగ్‌లో ఒక నియమం ఉంది. ఒక బెంచ్ మార్క్ దగ్గర మొదలుపెట్టిన లెక్కని ఇంకో బెంచ్ మార్క్ దగ్గర ముగించి, రెండూ సరిపోయాయని చూసుకున్నాకే నోరు విప్పాలి. అప్ప అంబలి పోస్తూ "మా వరస ఉంటాదా, పోతాదా?" అని అడిగింది. నేను ఆగలేకపోయాను.

"ఉంటుందప్పా. పదకొండిళ్లూ పైనే ఉన్నాయి."

ఆమె గరిటె కుండలోనే వదిలేసింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఒక్కో గడపా తొక్కింది. పక్కింటి ఎర్రమ్మని గట్టిగా పిలవడం వినపడింది: "ఓలి ఎర్రమ్మా, నీ పందిరి ఇప్పకు. మనం కదలక్కర్నేదంట. రాయి సెప్పినాదంట!" ఆ సాయంత్రం పాకలో ఎవరు వచ్చినా పుణుకులు ఊరికే పెట్టింది.

తరవాతి రోజు లెక్క ముగించడానికి నదీ వంతెన దగ్గరున్న ఇంకో బెంచ్ మార్క్ దాకా కొలుచుకుంటూ వెళ్లాను. కుదరలేదు. తేడా మిల్లీమీటర్లలో రావాలి. మూరెడు వచ్చింది.

మూరెడు తప్పు ఎవరూ చెయ్యరు. నేనే ఎక్కడో అంకె తప్పు చదివాననుకుని మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ మూరెడే. మూడోసారి సూరిబాబు కొలబద్ద వంచి పట్టాడని ఎండలో అతన్ని కోప్పడ్డాను. అతను కొలబద్ద నేలన పెట్టి రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. మూడోసారి కూడా అదే మూరెడు.

"ఏటిరా, రోజూ అదే రోడ్డు కొలుస్తన్నావు?" అంది అప్ప, వంతెన దారి పట్టిన నాలుగోరోజు మధ్యాహ్నం ఇద్దరం మాడిపోయిన మొహాలతో పాకలో కూలబడితే. "అదేటి, కొలిసినకొద్దీ సాగుతాదనా?"

సూరిబాబే చెప్పాడు. "లెక్క కుదర్నేదప్పా. రాయొకటి సెప్తన్నాది, వంతెన ఇంకోటి సెప్తన్నాది."

"అయితే వంతెన అబద్ధం" అంది ఆమె వెంటనే. "వంతెన మొన్నటిది. రాయికేటి? దాన్ని మావెంత జాగర్తగా సూసుకున్నామో మీకేటి తెలుసు! సంద్రం మూడుసార్లు మీదకొచ్చినాది. మూడుసార్లూ మోసుకొచ్చీసినాం."

నా గ్లాసులో అంబలి అలాగే ఉంది. "మోసుకొచ్చారా?"

"మరి ఒగ్గీమంటావా?"

అప్పుడు కూర్చుని, తీరిగ్గా, ఎంతో గొప్పగా చెప్పింది. "మా మావ కుర్రతనంలో సర్వే ఆయన వొచ్చి బంగళా కాడ పాతినాడంట. దీన్నెవులూ పాడు సెయ్యకండా సూసుకో, మళ్లీ వస్తాం అన్నాడంట మా మావతోటి. నాను కాపురానికొచ్చిన ఏడు పెద్ద పోటొచ్చినాది. తెల్లారి సూస్తే బంగళా గోడ కూలిపోతన్నాది. రాయికి నలుగురు కావాల. మా మావ, మా ఆయన, ఇద్దరు మరుదులూ వెదురుకి కట్టి ఎత్తుకున్నారు. వల మొయ్యడానికి మనిషి నేకపోనాడు. వల సంద్రం పట్టుకుపోనాది."

"వల వదిలేసి రాయి తెచ్చారా?" అన్నాడు సూరిబాబు.

"నానూ అలాగే ఏడిసినాను. మా మావ ఏటన్నాడో తెలుసా? వల మల్లీ అల్లుకుంటాం. సర్కారోళ్లు వొచ్చినప్పుడు ఈ రాయి కనపడకపోతే, ఇక్కడ ఊరు నేదని రాసుకుని ఎల్లిపోతారు అన్నాడు."

రెండోసారి వాళ్ల మావ లేడు, మొగుడు ముందు నిలబడ్డాడు. మూడోసారి మొగుడూ లేడు. అప్పుడు వరసలో ఆడవాళ్లంతా తాటి దూలాల మీద దొర్లించి తెచ్చారట. "ఊరికే పడీసినామనుకోకు. బాణం సంద్రం వైపుండేది, మూడుసార్లూ సంద్రం వైపే ఎట్టినాం. ఇసకలోంచి పైకి జానా రెండేళ్లుండేది. ఇప్పుడూ అంతే ఉన్నాది. నానే కొలిసినాను. కావాలంటే సూసుకో."

వెళ్లి కొలిచాను. జానెడు మీద రెండు వేళ్లు.

దిక్కు తప్పలేదు. లోతు తప్పలేదు. ఆ మనుషులు మార్చకూడదనుకున్నవేవీ మారలేదు. మారింది కింద నేల ఒక్కటే. ఇసక దిబ్బ మీద ఉండాల్సిన రాయి దిబ్బ వెనక పల్లంలోకి దిగింది. రికార్డులో మాత్రం దాని ఎత్తు ఇంకా దిబ్బ ఎత్తే. దాన్ని నమ్మి కొలిచిన ప్రతి ఇల్లూ ఉన్నదానికన్నా మూరెడు ఎత్తుగా కనపడింది.

పాకలోకి తిరిగి వచ్చాక ఈ మాటలే వీలైనంత తేలిగ్గా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాలేదు. నేను ఆపాక తనే అంది.

"అంటే గుంటడిని పీట మీద ఎక్కించి పొడుగు కొలిసినట్టు."

"అంతేనప్పా."

"మా వరస?"

"గీత కిందకి వస్తుంది."

"పదకొండిళ్లూనా?"

"పదకొండూ."

"ఎంత తక్కువ?"

మోచెయ్యి నుంచి వేళ్ల కొసలదాకా చూపించాను. ఆమె నా చేతిని పరీక్షగా చూసింది. "నీ సెయ్యి పొడుగు" అంది. తన చెయ్యి చాపి పక్కన పెట్టి చూసుకుంది. నాలుగు వేళ్లు పొట్టి. కాసేపు అలాగే ఉంచి, తీసేసుకుని, కుండ మీద మూత పెట్టింది.

రాయిని కదిపినందుకు నేను ఆమెను ఒక్కమాట అనలేదు. అనడానికి ఏముంది? కానీ ఆ మర్నాడు నా ప్లేటులో పచ్చడి లేదు. అడిగితే వినపడలేదు. దాని మర్నాడూ అంతే. సూరిబాబుకి వేసింది, నాకు వెయ్యలేదు. సరిచేసిన జాబితా నా సంచిలోనే ఉంది. అది ఇవ్వకుండా ఉండలేను. ఇస్తే ఆ వరసకి నేనే మొదట చెప్పిన మాట నేనే తీసేసినట్టు. ముందు మాట జారకుండా ఉంటే వాళ్లకి ఒక దెబ్బే తగిలేది. ఇప్పుడు రెండయ్యాయి.

మూడోరోజు అమావాస్య, సముద్రం పోటు మీద ఉంది. పొద్దున్నే పాక మూసి ఉంది. అప్ప తన ఇంటి గుమ్మంలో నిలబడి రమ్మని చెయ్యి ఊపింది. ఆమె ఇంట్లోకి వెళ్లడం నాకదే మొదలు. ఒకటే గది. పక్కలు చుట్టి అటక మీద పెట్టి ఉన్నాయి. అప్పుడే సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి గోడలు.

"ఇల్లిదిగో" అని వంగి, మోకాలి కింద గోడని గోటితో గీకింది. సున్నం పెచ్చు ఊడింది. కింద నల్లగా, తడిగా, ఉప్పు పూసిన చార. పక్కకి జరిగి ఇంకోచోట గీకింది. అదే చార. గది చుట్టూ ఒకే ఎత్తులో.

"ఏటేటా సున్నం ఏస్తాను. ఏసినకొద్దీ అది పైకెక్కుతన్నాది. ఎర్రమ్మ ఇంట్లో ఇంకా ఎత్తు. ఆవిడ సెప్పదు, నానడగను. ఆవిడ గోడకీ సున్నం ఏసీ ఉంటాది, నా గోడకీ ఏసీ ఉంటాది."

నేను టేపు తీయలేదు. తీయాలనిపించలేదు.

"మొన్న నువ్వొచ్చి రాయి ఉండమన్నాదని సెప్పినావు. నాకు నిజం కాదని తెలుసు" అంది గోడ చూస్తూనే. "నాకు తెలిసినా, రాయి మాట కదా, రాయికే ఎక్కువ తెలుస్తాదనుకున్నాను."

ఆ పూట వరసలో అందరినీ ఆమే పాక ముందుకి పిలిచింది. నేను చెబుతానన్నాను. "నీ మాటకి ఎలవ పోనాది. కూకో" అంది. చెప్పింది. రాయి పల్లంలో ఉందని, లెక్క తప్పని, పదకొండిళ్లూ కదలాలని. అరుపులు లేచాయి. పందిరి విప్పకుండా ఉంచుకున్న ఎర్రమ్మ అందరికంటే ముందుకొచ్చింది.

"ఎవులడిగినారు నిన్ను? రాయిని మోసినామని ఆ బాబు దగ్గర వాగింది నువ్వే కదా! నువ్వు నోరు మూసుకుంటే మా ఇళ్లు ఉండీవి."

"నిజవే, నానే వాగినాను."

"ఇప్పుడేటి మరి? ఇంకోసారి నోరు మూసుకో. ఆ బాబుని కూడా మూసుకోమను."

"మూసుకుంటాను. పోటు నన్నడిగి వస్తాదేటి?"

ఎర్రమ్మ తన పందిరి వైపు తిరిగి చూసింది.

"నీ కోడలికి నెలలు నిండినాయి" అంది అప్ప, ఈసారి నెమ్మదిగా. "పురిటి మంచం ఎక్కడేస్తావు? ఏ గోడ కాడ? సెప్పు, నాను వొచ్చి సున్నం ఏసెడతాను."

ఎర్రమ్మ కళ్లొత్తుకుని, "నీ నోట్లో మట్టి పడ" అని తిట్టి వెళ్లిపోయింది. మర్నాడు ఆమె పందిరే ముందు ఊడింది. నా ప్లేటులో ఆ రోజు పచ్చడి రెండుసార్లు పడింది.

జాబితా ఇచ్చాను. రాయి సంగతి కూడా రాశాను. మా పైఅధికారి ఫోన్లో "మోసుకెళ్లారా?" అని రెండుసార్లు అడిగి, నవ్వి, దాని నంబరు రికార్డులోంచి కొట్టేయమన్నాడు. ఆ మాట అప్పతో చెప్పడానికి వారం పట్టింది. "అయితే దీన్ని మల్లీ మొయ్యక్కర్నేదా?" అంది. అక్కర్లేదన్నాను. ఇళ్లు ఖాళీ చేసిన రోజు సామాను ట్రాక్టరెక్కాక వాకిట్లోకి వచ్చి, చెంబుతో నీళ్లు తెచ్చి రాయి మీది ఇసక కడిగింది. బాణం గుర్తు తేటగా కనపడేదాకా కడిగింది. తరవాత ట్రాక్టర్లో డ్రైవరు పక్కన కూర్చుని, దారి సరిగ్గా చూసి నడపమని అతన్ని తిట్టడం మొదలుపెట్టింది.

ఏడాది తర్వాత కాలనీలో కాలవలు తవ్వడానికి ఎత్తులు కావాలని మళ్లీ నన్నే పంపించారు. అప్ప కొత్త ఇంటి ముందు నాలుగు రేకులు దించి పాక పెట్టింది. ఆదివారం కార్లు అటు వచ్చేవి కావు. అయినా ఎవరైనా దారితప్పి వస్తే అట్లకాడ తూర్పుకే ఎత్తేది. అప్పటికి ఆమె చూపించే వాటిలో తన సొంత వరస కూడా చేరింది. "అల్లదిగో, పడవల కాడ మా ఇల్లు" అని. అప్పటికి ఆ గోడలు సగం నిలబడే ఉన్నాయి.

కాలవల లాంటి పనికి ఊళ్లో ఏదో ఒక గట్టి మెట్టునో కల్వర్టు గోడనో చూసుకుని తాత్కాలికంగా ఒక బెంచ్ మార్క్ పెట్టుకుంటాం. కాలనీ వరసలో అన్నిటికన్నా గట్టిగా ఉన్నది అప్ప గుమ్మం మెట్టే. సిమెంటు ఆరేదాకా మేస్త్రీ పక్కన నిలబడి కట్టించుకుందట. వంతెన నుంచి కొలుచుకొచ్చి, రెండువైపులా లెక్క సరిపోయాక, ఎర్రరంగుతో మెట్టు మీద బాణం గుర్తు వేశాను. ఈసారి ముందు లెక్క చూసుకున్నాకే నోరు విప్పాను.

అప్ప గుమ్మంలో నిలబడి రంగు ఆరేదాకా చూసింది. దాటబోయిన మేకని తోలింది.

"దీన్నెవులూ తొక్కకూడదా?"

"తొక్కొచ్చు. పగలగొట్టకుండా ఉంటే చాలు."

"ఎన్నాళ్లు సూసుకోవాల?"

"కాలవల పని అయిపోయేదాకా."

ఆమె మెట్టు మీద పక్కకి కూర్చుంది, గుర్తు మీద చీర పడకుండా. కాసేపు తూర్పుకి చూసింది. ఇక్కణ్నుంచి సముద్రం కనపడదు, వినపడుతుంది.

"మల్లీ సంద్రం వస్తే?" అంది.

"వస్తే, దీన్ని ఇక్కడే వదిలేసి మీరంతా ముందు బయటికి వచ్చేయండి."

ఆమె నా వైపు తిరిగింది. మీరు అన్నందుకు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మల్లీ సెప్పు."

చెప్పాను.

"అలా గొనగడం కాదు. గట్టిగా సెప్పు. ఎదరింటోళ్లకి ఇనపడాల."

లేచి నిలబడి, కాలనీ రోడ్డంతా వినపడేలా అరిచాను. సముద్రం వస్తే ఈ మెట్టునీ గుర్తునీ దేన్నీ చూడొద్దు, మనుషులు ముందు వచ్చేయాలని. ఎర్రమ్మ మనవణ్ని చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు అంట్లు వదిలేసి వచ్చి చూశారు. సూరిబాబు కొలబద్ద పట్టుకుని నవ్వాపుకుంటున్నాడు.

"ఇన్నారా?" అంది అప్ప వాళ్లందరితో, మెట్టు మీంచి లేవకుండానే. "సర్కారు మనిషే సెప్తన్నాడు."